చివరి మనిషి సంతకం

మొదటి స్థానం కోసం కొట్టుకు చచ్చేవాళ్ళని లోకం చాలామందిని చూసింది. ఆఖరి స్థానం కోసం కడుపు మండించుకున్న మనిషిని చూడాలంటే మాత్రం తోకక్క దగ్గరికే రావాలి.

తోకక్క పని బట్టలు సరిచేయడం. బస్టాండు వెనక సందులో, తాళాలు బాగుచేసేవాడి కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఒక మనిషి పట్టేంత గదిలో ఆమె మిషను ఉంటుంది. కొత్త బట్టలు కుట్టదు. ఒళ్ళు చేసినవాళ్ళ నడుములు వదులు చేస్తుంది, చిక్కినవాళ్ళవి బిగిస్తుంది, పొడుగైన ప్యాంట్ల అంచులు మడిచి కుడుతుంది. పుట్టుకతోనే ఆమె ఎడమ కాలు కుడి కాలికన్నా మూడు వేళ్ళు పొట్టి. ఎడమ బూటుకి మూడు వేళ్ళ మందం అట్ట వేయించుకుని, అది కనపడకుండా ఆ వైపు ప్యాంటు అంచు కిందికి దింపి కుట్టుకుంటుంది. "నలుగురొచ్చినప్పుడు కూర్చునే ఉండవే, లేస్తే కదా తెలిసేది" అని చిన్నప్పుడు అమ్మ చెప్పిన మాట నలభై ఎనిమిదేళ్ళొచ్చినా ఆమె చెవిలోంచి పోలేదు.

అలాంటి మనిషి నడక సంఘంలో చేరడానికి కారణం తమ్ముడి భార్య. మరదలు చెడ్డదేం కాదు. ఓసారి ఫోన్లో ఎవరితోనో, "మేం ఊరెళ్తే ఇంటికి తాళం కూడా అక్కర్లేదు, మా వదిన ఎక్కడికీ కదల్లేదుగా" అంది. అన్నది నిజమే. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. తోకక్క మర్నాడే వెళ్ళి సంఘం పుస్తకంలో పేరు రాయించుకుంది.

ఆ సంఘం ఏటా ఒక పొడవు నడక నడుస్తుంది. సముద్రం ఒడ్డున మొదలై కొండలమీదుగా రెండువందల తొంభై కిలోమీటర్లు, పంతొమ్మిది రోజులు. దారి పొడుగునా రాత్రి పడుకోవడానికి బసలుంటాయి, ఒక్కో బసలో ఒక పుస్తకం ఉంటుంది. మొదటి ఏడు తోకక్క రోజూ అందరికన్నా రెండు గంటలు ఆలస్యంగా చేరింది. సూప్ చల్లారిపోతోందని సణిగినవాళ్ళున్నారు. పైకి నవ్వుతూ లోపల పళ్ళు నూరినవాళ్ళున్నారు. మూడోరోజు సంఘం పెద్ద, రిటైరైన సర్వేయరు, అందర్నీ పిలిచి ఒక కొత్త పద్ధతి పెట్టాడు.

"మన గుంపుకి తల ఉంది, తోక లేదు. ఇకనుంచి ఒకరు అందరికన్నా వెనక నడవాలి. ముందున్నవాళ్ళు ఆగితే తనూ ఆగాలి. ఎవర్నీ దాటకూడదు. బసకి చేరాక పుస్తకంలో 'అందరూ చేరారు' అని రాసి, టైం వేసి, సంతకం పెట్టాలి. ఆ సంతకం పడ్డాక ఇంక తలలు లెక్కపెట్టేది లేదు" అన్నాడు. అని, మందులున్న ఎర్ర సంచీ, ఒక ఈల తెచ్చి ఆమె మెళ్ళో వేశాడు.

అప్పట్నుంచి పదకొండేళ్ళు ఆమె తోక. దారి తప్పి వాగు పట్టుకుని పోయిన బేకరీ ఆవిడని ఈల ఊదుతూ వెతికి పట్టుకొచ్చింది. జ్వరమొచ్చి రాతిమీద కూలబడ్డ పళ్ళ డాక్టరుని రెండు మైళ్ళు భుజం పట్టి నడిపించింది. ఆ దారిలో ఏ బస పుస్తకం తెరిచినా ఏటా ఒక పేజీ చివర ఆమె సంతకమే. లోకంలో ఆమెకంటూ ఉన్న ఉద్యోగం అది. మిషను తొక్కడం బతుకుతెరువు, అంతే.

పన్నెండో ఏడు డ్రైవరు వచ్చాడు.

అతను దూరపు బస్సులు నడిపేవాడు. ప్రమాదంలో కుడికాలు మోకాలి కింద పోయింది. ఇప్పుడక్కడ ఇనప గొట్టం, దాని చివర బూటు. మూడేళ్ళ నుంచి నడక సాధన చేస్తున్నాడు. అతను నిక్కరేసుకుని వచ్చాడు. అదీ తోకక్కకి మొదట మింగుడు పడనిది. కాలు దాచుకోవాలన్న ఆలోచనే లేనట్టు, ఆ గొట్టం ఎండలో మెరిపించుకుంటూ, "నాకు ఒక కాలికే చలేస్తుంది, సాక్సుల ఖర్చు సగం" అని జోకులేస్తూ దిగాడు.

ఇక చూడాలి సంఘం సంబరం. ఒకరు ఫోటో తీస్తారు, ఒకరు గొట్టం ముట్టుకుని చూస్తారు. అడక్కుండానే ఒకరు అతని మూట లాక్కుని మోస్తారు. "మోకాలి నొప్పని పోయినేడు రాలేదు, మిమ్మల్ని చూస్తే సిగ్గేస్తోందండీ" అని బేకరీ ఆవిడ కళ్ళు ఒత్తుకుంది. పళ్ళ డాక్టరు మాత్రం పక్కకి తిరిగి, "ఇనప కాలికి పిక్క పట్టేయదుగా, అదో లాభం" అని గొణిగాడు. ఆ మాటకి తోకక్కకి ఎంత హాయిగా అనిపించిందో చెప్తే ఆమెకే సిగ్గు.

కొత్తొక వింత, పాతొక రోత. పదకొండేళ్ళు, పంతొమ్మిదేసి రోజులు, మూడు వేళ్ళు తక్కువ కాలితో నడిచిన మనిషికి ఒక్కరంటే ఒక్కరు చప్పట్లు కొట్టలేదు. ఎవరైనా కాలు సంగతి ఎత్తి ఉంటే ఆమె ఊరుకునేది కాదు, అది వేరే విషయం. దాచిపెట్టిన సొమ్ముని ఎవరూ మెచ్చుకోలేదని ఏడవడంలో న్యాయం లేదని ఆమెకీ తెలుసు. కడుపుమంటకి న్యాయంతో పనేముంది?

పైగా అతను ఆమెకన్నా నెమ్మది. ఎక్కేటప్పుడు బాగానే ఎక్కేవాడు, దిగేటప్పుడే చావు. గంటకోసారి కూర్చుని, గొట్టం విప్పి, మొండికాలికి తొడిగిన మేజోడు తీసి చెమట తుడుచుకుని మళ్ళీ తొడుక్కోవాలి. లేకపోతే చర్మం ఒరుసుకుపోతుంది. కూర్చున్న ప్రతిసారీ, "మీరు పొండి అక్కా, నేనొస్తా. వెనక మనిషుంటే నాకు ఎవరో హారన్ కొడుతున్నట్టుంటుంది" అనేవాడు. "కుదరదండీ, రూలు" అని ఆమె పదడుగుల దూరంలో రాయి చూసుకుని కూర్చునేది. సాయంత్రం బస కనపడగానే ముందు చేరినవాళ్ళంతా గుమ్మంలోకొచ్చి అతనికి చప్పట్లు కొట్టేవాళ్ళు. భుజాలమీద చేతులేసి లోపలికి తీసుకుపోయేవాళ్ళు. ఆ వెనకే ఖాళీ గుమ్మంలోంచి తోకక్క లోపలికి వెళ్ళి, పుస్తకం తెరిచి సంతకం పెట్టేది. ఒకరోజు తలుపు కూడా వేసేశారు, తట్టాల్సొచ్చింది.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం రొట్టెలు తింటున్నప్పుడు సర్వేయరు ఆమె పక్కనొచ్చి కూర్చున్నాడు.

"ఆఖరి రోజు పేపరువాళ్ళొస్తున్నారమ్మాయ్. డ్రైవరు ఎర్ర సంచీ వేసుకుని అందరికన్నా చివర నడిచొస్తే బాగుంటుందని మనవాళ్ళంటున్నారు. ఫోటోకి. నీకేం అభ్యంతరం లేదుగా?"

"నాకేం అభ్యంతరం" అంది తోకక్క.

అంటే పంతొమ్మిదో రోజు పుస్తకంలో సంతకం కూడా అతనిదే. చప్పట్లు పోతే పోయాయి, అవి ఎప్పుడూ ఆమెవి కావు. ఈ ఒక్క సంతకం ఆమెది. దాన్ని కూడా పట్టుకుపోతారా? ఆ మధ్యాహ్నమంతా ఆమె అతని ఇనప మడమని చూస్తూ నడిచింది.

పదోరోజు దిగుడు చాలా చెడ్డది. రెండు కొండల మధ్య రాళ్ళు పేర్చినట్టుండే దారి, కింద బస. ఆ బస చిన్నది. సగంమంది అందులో, మిగతా సగం రెండు వందల గజాల కింద ఉన్న షెడ్డులో పడుకోవాలి. మూడు గంటలకి డ్రైవరు ఒక రాతిమీద కూర్చుని గొట్టం విప్పాడు. మొండికాలు ఎర్రగా ఉంది.

"మీరు పొండి అక్కా, నేనొస్తా" అన్నాడు, రోజూ అన్నట్టే.

"సరే" అంది తోకక్క.

అతను తలెత్తి చూశాడు. ఆమె అప్పటికే దిగుతోంది. మొదట పది అడుగులు వేసి ఆగుదామనుకుంది. పదయ్యాక ఇరవై అనుకుంది. మలుపు తిరిగాక ఇంక అనుకోవడం మానేసింది. వెనక ఎవరో ఉండగా తను ముందు నడవడం పదకొండేళ్ళలో అదే మొదటిసారి. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది.

నాలుగూ పదికి బస కనపడింది. కొండమీంచి ఊగుతూ దిగుతున్న మనిషిని చూసి గుమ్మంలో ఉన్నవాళ్ళు చప్పట్లు మొదలెట్టారు. దగ్గరికొచ్చాక, "ఓ, మీరా" అని ఎవరో అన్నారు. చప్పట్లు ఆగిపోయాయి. పుండుమీద కారం చల్లినట్టయింది ఆమెకి. తనొచ్చిందంటే అతను అప్పుడే వచ్చేసి కింది షెడ్డుకి పోయాడని వీళ్ళ లెక్క. షెడ్డువాళ్ళకి అతను పైన ఉన్నాడని లెక్క. తోక వచ్చిందంటే ఇంక వెనక ఎవరూ లేనట్టే కదా.

ఆమె లోపలికెళ్ళి పుస్తకం తెరిచింది. 'డ్రైవరు ఇంకా రావాలి' అని రాస్తే సరిపోయేది. నోటితో చెప్పినా సరిపోయేది. పది రోజుల మంట చేతిలోకి దిగినట్టు, "అందరూ చేరారు. 4.10" అని రాసి సంతకం పెట్టింది. ఈ పుస్తకంలో నువ్వు లేవు పో, అనుకుంది. చేతిరాత ఎప్పటికన్నా చక్కగా కుదిరింది.

ఆ చక్కదనం అరగంట నిలిచింది. తర్వాత సూప్ గిన్నె పట్టుకుని కిటికీ దగ్గర చేరింది, మళ్ళీ అక్కణ్ణుంచి కదల్లేదు. కొండమీద మబ్బు దిగుతోంది. "డ్రైవరుగారు షెడ్డులోనా?" అని బేకరీ ఆవిడ అడిగితే, "ఊఁ" అంది. ఆ ఊఁ అన్నాక ఇంక వెనక్కి వెళ్ళే దారి లేకుండా పోయింది. ఇప్పుడు లేచి ఎర్ర సంచీ తగిలించుకుంటే ఎక్కడికని అడుగుతారు. ఐదయింది. ఐదున్నర. కుడితిలో పడ్డ ఎలుకలాగా గింజుకుంది. ఇంకో పది నిమిషాలు చూసి వెళ్తాననుకుంది, అలా మూడు పదులు గడిచాయి. మనిషిని కొండమీద వదిలేసి సూప్ తాగుతున్న తోకని ఏమనాలో ఆమెకి తెలుసు. ఆ మాట మనసులో కూడా అనుకోలేకపోయింది.

ఆరు గంటలకి, ఇంకా వెలుతురుండగానే, కింద షెడ్డు వైపు ఒక ఆకారం కుంటుకుంటూ పోవడం కనపడింది. తోకక్క కిటికీ చట్రం పట్టుకుని నిలబడిపోయింది. బతికాడు, బతికించాడు, అనుకుంది. అంతలో షెడ్డులోంచి చప్పట్లు వినపడ్డాయి, ఆమె కడుపులో మంట మళ్ళీ రాజుకుంది.

పొద్దున బయల్దేరేముందు అందరూ పై బసలో టీకి చేరారు. డ్రైవరు అరచేయి గీరుకుపోయి ఉంది. గ్లాసు పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

"ఒక్క మాట చెప్పాలండీ. నిన్నటి రోజు నా మూడేళ్ళ నడకలో గొప్ప రోజు. కాలు పోయిందగ్గర్నుంచి నన్నెవరూ ఒంటరిగా వదల్లేదు. ఇంట్లో బాత్రూంకెళ్ళినా మా ఆవిడ తలుపు బయట నిలబడి 'ఉన్నావా' అంటుంది. ఉండక ఎక్కడికి పోతానండీ?"

అందరూ నవ్వారు.

"నిన్న ఈ అక్క ఒక్కతే నన్ను వదిలేసి పోయింది! పొమ్మంటే నిజంగా పోయిన మొదటి మనిషి. రాళ్ళలో జారి పడ్డా. గొట్టం ఓ పక్క, నేనో పక్క. అయ్యో అనేవాళ్ళు లేరు. కాసేపు ఆ రాళ్ళని తిట్టుకుని, పాక్కుంటూ పోయి కాలు తెచ్చుకుని, నా అంతట నేనే లేచి వచ్చా. ఈవిడొక్కరే నన్ను మామూలు మనిషిగా చూశారు. థాంక్సక్కా!"

ఏదో ఒక తిట్టు వచ్చి ఉంటే తోకక్క కాచుకునేది. పొగడ్తకి ఏం చేయాలో తెలీక గుమ్మడికాయ దొంగలాగా భుజం మీది సంచీ తడుముకుంది.

సర్వేయరు నవ్వలేదు. "ఎన్నింటికి చేరావయ్యా?" అన్నాడు.

"ఆరుకండీ."

ఆయన లేచి బల్లమీది పుస్తకం తెరిచాడు. కళ్ళజోడు సవరించుకుని చదివాడు. "నాలుగూ పది. అందరూ చేరారు."

డ్రైవరు ముందు నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత అర్థమైంది. గ్లాసు బల్లమీద పెట్టాడు.

"అంటే, నేను లేవలేకపోయి ఉంటే?"

"పొద్దున టీ దాకా నిన్నెవరూ వెతికేవాళ్ళు కాదు" అన్నాడు సర్వేయరు.

ముందుగా నోరు విప్పింది బేకరీ ఆవిడ.

"పాపం, ఆవిడ కాలు నొప్పెట్టి ఉంటుందండీ. నొప్పిలో మనిషికి ఏం రాస్తున్నామో తెలుస్తుందా?"

"ఆ దిగుడు మామూలుదా? అంత ఎత్తు అట్ట బూటుతో" అన్నాడు పళ్ళ డాక్టరు.

"పాపం, ఎప్పుడూ చెప్పుకోదు కూడా" అన్నారింకెవరో.

తోకక్క ఒక్కొక్కరి మొహం చూసింది. అందరికీ తెలుసు. ఏ వైపు కాలో తెలుసు, అట్ట ఎంత మందమో తెలుసు. పదకొండేళ్ళు తను అంచులు దింపి కుట్టుకుంటూ ఉంటే, పదకొండేళ్ళూ వీళ్ళు చూడనట్టు నటిస్తూ వచ్చారు.

సర్వేయరు ఆమె దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. "తప్పు నాదేనమ్మాయ్. నీ కాలు చూసే కదా ఆ సంచీ వేసింది. వెనకబడుతున్నానన్న చిన్నతనం నీకుండకూడదని అలా ఒక పని కల్పించాను. అది ఇంత బరువవుతుందనుకోలేదు. పోనీలే, జరిగిందేదో జరిగింది. సంచీ నీ దగ్గరే ఉంచుకో."

ఆయన దయతోనే అన్నాడు. అంతకన్నా చెంపదెబ్బ కొట్టినా బాగుండేది.

"ఆగండి" అన్నాడు డ్రైవరు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఇదే పని పళ్ళ డాక్టరుగారు చేస్తే ఏం చేసేవాళ్ళు?"

"అదే క్షణం సంచీ లాక్కునేవాణ్ణి."

"మరి? నా ప్రాణానికి ఆయన వదిలేస్తే ఒక ధర, ఈవిడ వదిలేస్తే ఒక ధరా? కాలు నొప్పంట! కాలు పెన్ను పట్టుకుని రాసిందా? రాసింది ఆవిడ. చేసింది వెధవ పని. ఆవిడకి జవాబు చెప్పే నోరుంది, అడగండి."

అందరూ ఆమె వైపు తిరిగారు. నొప్పి అంటే చాలు. అందరూ ఆ మాట పళ్ళెంలో పెట్టి చేతికందిస్తున్నారు, తీసుకోవడమే తరువాయి. సంచీ ఉంటుంది, ఈల ఉంటుంది, ఆఖరి రోజు సంతకం కూడా ఉంటుందేమో. పదకొండేళ్ళుగా ఎవరూ అనకూడదనుకున్న ఆ మాటే ఇప్పుడు ఆమె అంటే చాలు.

"కాలు నొప్పి కాదు" అంది తోకక్క. "కుళ్ళు."

"ఏంటీ?" అన్నాడు సర్వేయరు.

"కుళ్ళండీ. ఓర్వలేనితనం. రోజూ ఆయనకి చప్పట్లు కొడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. వదిలేసింది మామూలు మనిషిగా చూసి కాదు. పుస్తకంలో ఆయన లేకపోతే బాగుండుననిపించింది. రాసేశా."

డ్రైవరు ఆమెనే చూస్తున్నాడు. "చచ్చిపోయేవాణ్ణక్కా."

"తెలుసు."

"తెలిసే రాశారా?"

"తెలిసే రాశా. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నా. లేచి రాలేదు."

అతను క్షమించానని గానీ, పోనీలెండని గానీ అనలేదు. అనుంటే ఆమె ఏడ్చేసేదే. ఆమె తనే మెళ్ళోంచి ఈల తీసింది, భుజంమీంచి సంచీ దించి బల్లమీద పెట్టింది. సర్వేయరు దాన్ని పళ్ళ డాక్టరుకిచ్చాడు. అతను పాముని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "వెనక నడవడమంటే మడమలు తొక్కడం కాదు. ఇరవై అడుగులు దూరం ఉండాలి" అని చెప్పి తోకక్క బయటికి నడిచింది. ఎవరూ ఆమెని సంఘంలోంచి పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. బస్సు రోడ్డు మైలు దూరంలోనే ఉంది. ఆమె అటు వెళ్ళలేదు.

ఆ రోజు ఆమె గుంపు మధ్యలో ఎవరికీ ఏమీ కాని మనిషిలా నడిచింది. ఎవరూ పక్కకి చేరలేదు. ఆమె ఊగుడు వెనకున్నవాళ్ళందరికీ కనపడుతోంది, కనపడనీ అనుకుంది. నాలుగింటికి బస చేరింది. లోపలికి వెళ్ళలేదు. గుమ్మం పక్కన గోడకి చేరగిలబడి దారి వైపు చూస్తూ నిలబడింది. ఒకటి, రెండు, ఏడు, పన్నెండు. ఎవరూ అడక్కపోయినా లెక్కపెట్టింది.

డ్రైవరు ఐదుంపావుకి మలుపు తిరిగాడు, ఇరవై అడుగుల వెనక పళ్ళ డాక్టరు. గుమ్మం నిండా జనం చేరి చప్పట్లు కొట్టారు. తోకక్క కొట్టలేదు. మంట లోపల అలాగే ఉంది, దానికి బుద్ధి చెప్పడం ఒక్కరోజులో అయ్యే పని కాదు. అతను ఆ చేతులన్నీ తప్పించుకుని, తిన్నగా గోడ దగ్గరికొచ్చి ఆమె ముందు ఆగాడు. మొహంలో కోపం ఇంకా అలాగే ఉంది.

"ఇప్పుడు చేరానక్కా" అన్నాడు.

"చూశాను" అంది ఆమె.

అతను తలూపి లోపలికి వెళ్ళాడు.